ఎవరూ వచ్చి చెప్పలేదు

నిన్న పొద్దున మా ఇంటి ముందు నుంచి ఒక ఆటో పోయింది. పైన మైకు, లోపల డ్రైవరు తప్ప ఎవరూ లేరు. ఎక్కడో రికార్డు చేసిన ఆడగొంతు, ఫలానా కాలనీకి చెందిన ఫలానావారు స్వర్గస్థులైనారని, ఎరువుల దుకాణం ప్రకటన చదివినంత హుషారుగా చెప్పుకుంటూ పోయింది. ఆటో మూల తిరిగిన తర్వాత కూడా మైకు గరగర వినిపిస్తూనే ఉంది. చేతిలో చాయ్ చల్లారిపోయింది. మా ఆవిడ వచ్చి, “ఎవలట?” అని అడిగింది. పేరు నేను వినలేదు. ఆ గరగర వింటే నాకు భూమన్న తప్ప ఇంకెవరూ గుర్తుకు రారు.

భూమన్న మా ఆర్మూరు విడిచి బొంబాయి పక్కనున్న భివండి పోయింది నా వల్ల. ఆయన సామాను మూటలు కట్టినవాణ్ని కూడా నేనే. ఆయన ఎందుకు పోవలసి వచ్చిందో ఆ ఇంట్లో నాకొక్కడికే తెలుసు. ఒక్క మాట చెప్పి ఉంటే కట్టిన మూటలు విప్పుకునేవాళ్ళు. నేను చెప్పలేదు. మా ఊళ్ళో పాతవాళ్ళు ఇప్పటికీ ‘బతికున్నోన్ని సంపిన మైకు’ అని నవ్వుకుంటూ భూమన్న పేరు తీస్తారు. ఆ పేరు తీయవలసింది కాదు. అక్కడ ఉండవలసింది నా పేరు. ఆయనను ఎన్నడూ చూడనివాళ్ళు కూడా ఈ సంగతి తెలుసుకోవాలని రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో పసుపు మార్కెట్ వెనక వీధిలో, రైతుల పసుపు కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి వ్యాపారి రాజారాం సేటు కట్టించిన గదుల వరుసలో భూమన్న మైక్ సెట్ ఉండేది. రెండు ఆంప్లిఫయర్లు, నాలుగు లౌడ్‌స్పీకర్ బూరలు, చెక్కపెట్టెల్లో నల్లటి రికార్డులు, ఒక పాత కారు బ్యాటరీ. గొంతు పాడవుతుందని బీడీ ముట్టేవాడు కాదు. ఎప్పుడూ బుగ్గన ఒక లవంగం ఉండేది. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. నేను ఇంటర్ తప్పి, మా అమ్మ చుట్టిన బీడీలు కార్ఖానాకు మోసుకుపోతూ, ఎవరైనా పలకరిస్తే తల దించుకునే మనిషిని. నా మాట సగం నోట్లోనే ఉండిపోయేది. పక్క వీధివాణ్నని రోజూ ఆ గదిలో కూర్చుని పాటలు వినేవాణ్ని. ఒకరోజు ఆయనకు జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. అదే రోజు నందిపేట నుంచి సంతకు వచ్చిన ఒక ముసలామె బర్రె తప్పిపోయింది. మైకు నా చేతిలో పెట్టి, ఊళ్ళో చాటమని రిక్షా ఎక్కించి, తనూ పక్కన కూర్చున్నాడు.

మొదటి చౌరస్తాలో చదివిందే నాలుగు ముక్కలు. అవి కూడా ఎవరో తరుముతున్నట్టు చదివాను. భూమన్న రిక్షా ఆపించాడు.

“ఎందుకురా గట్ల ఉరుకుతున్నవు? బర్రె ఉరికిందని నువ్వు ఉరుకుతున్నవా?” అన్నాడు, పోయిన గొంతుతోనే గుసగుసగా. “గా ముసల్ది పొద్దటిసంది చాయ్ గిట్ల తాగలే. ఇంటికాడ దూడ ఒర్రుతుంటది. గది మనసుల పెట్టుకో. ఊరందరికి చెప్పకు. ఒక్కలకు చెప్పు. పొయ్యి కాడ కూసున్న ఒక్క ఆడామెకు చెప్పు.”

ఆ మధ్యాహ్నానికి జక్రాన్‌పల్లి రోడ్డు మీద మక్కచేనులో బర్రె దొరికింది. ముసలామె వచ్చి ఆయనకు దండం పెట్టబోతే, “నాకెందుకవ్వా, గీ లింబాద్రికి పెట్టు, వాని నోటికి దొరికింది నీ బర్రె” అని నన్ను ముందుకు తోశాడు. తర్వాత చాలా ఏళ్ళకు నేను ఎరువుల కంపెనీ తరఫున ఊరూరా రైతులతో మాట్లాడే ఉద్యోగంలో చేరాను. మాట్లాడి బతికాను. ఆ మాట నాకు ఎవరు ఇచ్చారో నా పిల్లలకు కూడా సరిగ్గా చెప్పలేదు, ఎందుకంటే ఆయన గురించి మొదలుపెడితే చివరిదాకా చెప్పవలసి వస్తుంది.

చావు కబురు మైకులో చెప్పే విషయంలో ఆయనకొక పద్ధతి ఉండేది. ఇంటి మనిషి స్వయంగా గదికి రావాలి. వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, వాళ్ళు నోరు విడిచి ‘పోయిండు’ అనేదాకా మైకు తీయనిచ్చేవాడు కాదు. ఒకసారి సిరికొండ వైపు నుంచి వచ్చి స్థిరపడిన ఒక రైతు కొడుకు గదిలో కూర్చుని, తండ్రి పేరు చెప్పి ఆగిపోయాడు. ఎంతసేపటికీ ఆ మాట నోటికి రావడం లేదు. నాకు ఓపిక పోయి, “అన్నా, అర్థమైతనే ఉన్నది గదా” అన్నాను. భూమన్న నన్ను బయటికి తీసుకుపోయాడు. “మనకు అర్థమైతే సరిపోదురా. ఇంటోళ్ళు అనాలె. వాళ్ళు అనకముందే మనం అంటే, మనమే సంపినట్లు” అన్నాడు. మళ్ళీ లోపలికి పోయి ఆ అబ్బాయి పక్కన మాట్లాడకుండా కూర్చున్నాడు.

అప్పటికి ఆయనతో కలిసి పనిచేయబట్టి చాన్నాళ్ళయింది. బస్టాండు దగ్గర మరొకతను కొత్తగా మైక్ సెట్ పెట్టాడు. పెళ్ళిళ్ళు కొన్ని అటు పోతున్నాయి. భూమన్న పట్టించుకోలేదు కానీ నాకు మాత్రం కోపంగా ఉండేది. పసుపు సీజను నడుమ ఒకరోజు భూమన్న ఒక ఆంప్లిఫయర్ బాగు చేయించడానికి నిజామాబాద్ పోయాడు. పొద్దున నేను రాజారాం సేటు ఇంటి మీదుగా గదికి వస్తున్నాను. సేటు తండ్రి, ఊరంతా పెద్ద సేటు అని పిలిచే మనిషి, చాలా రోజులుగా మంచం పట్టి ఉన్నాడు. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. ఆయనను మంచం మీద నుంచి దించి ముందు గదిలో నేల మీద పడుకోబెట్టారు. చుట్టూ ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. ప్రాణం పోయేటప్పుడు మనిషి నేల మీద ఉండాలని దించుతారు. దించినంత మాత్రాన అందరూ పోరు. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. కానీ ఊళ్ళో అంత పెద్ద మనిషి చావు బస్టాండు వాడి మైకులో వినపడితే మా పరువు ఏం కావాలని, ఆ క్షణాన అదొక్కటే ఆలోచించాను. ఎవరినీ అడగలేదు. గదికి పోయి, బ్యాటరీని, రెండో ఆంప్లిఫయర్‌ను రిక్షాలో పెట్టి బయలుదేరాను.

మార్కెట్లో అప్పుడు వేలం జరుగుతోంది. గేటు దగ్గర నిలబడి, ఆయన నేర్పినట్టే నెమ్మదిగా, ఒక్కరికి చెబుతున్నట్టు చెప్పాను. వేలం ఆగిపోయింది. హమాలీలు బస్తాలు దించి తలగుడ్డలు తీశారు. దుకాణాల షట్టర్లు పడ్డాయి. అడ్తిదారులు పూలదండలు పట్టుకుని సేటు ఇంటికి నడిచారు. వాళ్ళు వెళ్ళేసరికి పెద్ద సేటు గోడకు ఆనుకుని కూర్చుని, కోడలు పట్టిస్తున్న జావ తాగుతున్నాడు. దండలు చూసి, “ఎవలు పోయిండ్రు?” అని అడిగాడట. సంగతి తెలిశాక ఆయన మాత్రం నవ్వి, “మంచిదే తియ్యిండ్రి, ఆయుష్షు పెరుగుతది” అన్నాడు. నిజంగానే ఆ తర్వాత చాలా కాలం బతికాడు. నవ్వలేకపోయింది కొడుకే.

సాయంత్రం బస్సు దిగుతూనే భూమన్నకు కబురు తెలిసింది. నేరుగా గదికి వచ్చాడు. నన్ను తిట్టలేదు.

“ఎవలన్న వచ్చి చెప్పిండ్రా?” అని అడిగాడు.

“చెప్పిండ్రన్నా” అన్నాను.

“ఎవలు?”

“మొఖం యాదికి లేదు. ధోతి కట్టుకున్న మనిషి. సేటు ఇంట్లకెళ్ళే వచ్చిండు.”

ఆయన ఇంకొక ప్రశ్న అడిగి ఉంటే నేను దొరికిపోయేవాణ్ని. అడగలేదు. నా మాట నమ్మి అప్పటికప్పుడు సేటు ఇంటికి బయలుదేరాడు. నేను వెనకాలే పోయి అరుగు కింద నిలబడ్డాను. సేటు మొదట మెత్తగానే మాట్లాడాడు. “భూమన్నా, పోరడు ఎవల్ని అడగకుంట పోయిండని ఒప్పుకో. వాన్ని తోలుకొచ్చి మా నాయన కాళ్ళు మొక్కియ్యి. గంతే, నేను మర్చిపోత” అన్నాడు.

“వాడు అడగకుంట పోడు సేటూ. నేను నేర్పిన పోరడు” అన్నాడు భూమన్న. “మీ ఇంట్లనే ఎవలో చెప్పిండ్రు. జర అడిగి చూడుండ్రి.”

సేటు లేచి నిలబడ్డాడు. “అంటే నా ఇంట్ల మా నాయన చావు కోరెటోడు ఉన్నడంటవా?”

అన్నదమ్ముల మధ్య పంపకాల గొడవ నడుస్తున్న ఇల్లు అది. ఆ మాట సరిగ్గా అక్కడే గుచ్చుకుంది. అరుగు ఎక్కి రెండు అడుగులు వేస్తే చాలు, ఆ పెద్దాయన కాళ్ళు నాకు అందేవి. కదల్లేదు. భూమన్న ఒప్పుకోలేదు. తప్పు చేయనివాడి చేత కాళ్ళు ఎట్లా మొక్కిస్తానని తిరిగి వచ్చేశాడు. ఆ నెల దాటకముందే సేటు గది ఖాళీ చేయించాడు. తర్వాత పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. శుభకార్యానికి ఆ మైకెందుకని జనం బస్టాండు వైపు పోయారు. భూమన్న ఇంట్లో బూరలు మంచం కింద చేరాయి. చివరకు భూమన్న భార్య రాజవ్వ వదిన వాళ్ళ తమ్ముడు భివండి నుంచి కబురు పంపాడు, అక్కడ సాంచల మీద, అంటే కరెంటు మగ్గాల మీద పని ఉందని.

వాళ్ళు పోయే రోజు పొద్దున్నే నేను సామాను కట్టడానికి పోయాను. పసుపు లోడుతో బొంబాయి పోయే లారీ ఒకటి దొరికింది. బస్తాల మీద చోటిస్తానన్నాడు డ్రైవరు. పసుపు వాసన వేసే ఖాళీ గోనె సంచులు తెచ్చి గిన్నెలు, ఇసుర్రాయి, పచ్చడి జాడీలు వాటిలో చుట్టాను. రాజవ్వ వదిన చీపురు తలుపు వెనక పెట్టింది. పాత ఇంటి చీపురు కొత్త ఇంటికి తీసుకుపోకూడదని. “గా చీపురు తోటి ఎవల్నన్న రెండు వేసి పోతే బాగుండు” అంది. భూమన్న నవ్వి, “సేటునా?” అన్నాడు. “గా ధోతి కట్టుకున్నోన్ని” అంది ఆమె. నా వైపు తిరిగి, “ఇంక యాదికొస్తలేడా లింబాద్రీ? గట్టిగ తలుసుకో. వాడు దొరికితే మేం ఎందుకు పోతుంటిమి?” అని అడిగింది. నేను జాడీ మూతికి గుడ్డ కడుతున్నాను. లేదన్నట్టు తల ఊపాను.

రికార్డుల పెట్టె కట్టబోతే భూమన్న వద్దన్నాడు. “గివి నువ్వు ఉంచుకో. ఒక బూర, చిన్న ఆంప్లిఫయర్ గూడ. సాంచల కాడ ఎవలు వింటరు పాటలు?” అన్నాడు. నేను వద్దన్నాను. “ఎందుకు వద్దురా? నీ గొంతు నా గొంతు కంటె మంచిగున్నది. ఫికర్ పెట్టుకోకు, జనం నాలుగు దినాలల్ల మర్చిపోతరు” అన్నాడు. ఆయన నన్ను ఓదారుస్తున్నాడు. లారీ వచ్చింది. మూటలు పైకి అందించి, తాడు బిగించి, వదినను, వాళ్ళ చిన్న పాపను ముందు ఎక్కించాం. భూమన్న ఎక్కబోతుంటే, “అన్నా” అన్నాను. ఆయన ఆగాడు.

“ఏందిరా?”

డ్రైవరు హారన్ కొట్టాడు. “తాడు గట్టిగనే కట్టిన” అన్నాను. ఆయన నా భుజం తట్టి ఎక్కాడు.

జనం నాలుగు రోజుల్లో మర్చిపోలేదు. ఆ కథ చాయ్ హోటళ్ళలో పెరిగింది. పెద్ద సేటు పాడె మీద నుంచి లేచాడనీ, భూమన్న తాగి చదివాడనీ చెప్పుకునేవాళ్ళు. ఆయన ఎన్నడూ తాగలేదు. నేను అక్కడే కూర్చుని విన్నాను. ఒకటి రెండుసార్లు అందరితో కలిసి నవ్వాను కూడా. ఆయన ఇచ్చిన బూర మాత్రం ఒక్కరోజు కూడా వాడలేదు, అమ్మనూ లేదు.

తొంభైల చివర్లో వదిన తమ్ముడు ఏదో పెళ్ళికి ఊరికి వస్తే, చిరునామా తీసుకుని భివండి పోయాను. ఇరుకు సందు, ఇరువైపులా సాంచల షెడ్లు, అంతా మన తెలుగువాళ్ళే. గోడలు అదిరేటంత చప్పుడు. భూమన్న గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి లేచి పట్టుకున్నాడు. నేను ఏదో అడిగితే నా పెదవుల వైపు చూశాడు. “గట్టిగ మాట్లాడు లింబాద్రీ” అంది వదిన. “సాంచల కాడ చెవులు పోయినయి.”

చాయ్ తాగాక మొదలుపెట్టాను. దారంతా నేర్చుకున్న మాటలే, అయినా గొంతు లేవలేదు. ఆయన చెయ్యి చెవికి ఆనించి “ఆఁ?” అన్నాడు. వదినకు మాత్రం వినపడింది. గ్లాసులు తీస్తున్నది ఆగిపోయింది. “జర మీరే చెప్పుండ్రి వదినా” అన్నాను. “నేను చెప్ప” అంది. “నువ్వు తెచ్చిన మాట నువ్వే చెప్పు.”

లేచి నిలబడి అరిచాను. “అన్నా, గా దినం ఎవలు వచ్చి చెప్పలే. ధోతి మనిషి లేడు. నేనే పోయిన.”

సందులో ఆడవాళ్ళు నీళ్ళ బిందెలతో నిలబడిపోయారు. భూమన్న నేల వైపు చూశాడు. సాంచలు కొట్టుకుంటూనే ఉన్నాయి. తర్వాత, చెవులు వినపడనివాళ్ళు మాట్లాడేటట్టు, మామూలు కంటే పెద్దగా అన్నాడు: “గా పొద్దుమూకి నేను అడిగినప్పుడే చెప్తే అయిపోతుండె గదరా. ఇద్దరం పోయి మొక్కి వస్తుంటిమి. గంతే ఉండె గదా.”

అంతే ఉండింది. ఆయన ఎదురుగా కూర్చుని, రెండు చేతులూ పట్టుకుని, “తప్పయిందన్నా, మాఫ్ చెయ్యి” అన్నాను, అంత దగ్గరగా ఉండి కూడా అరుస్తూనే.

“ఆఁ?” అన్నాడు.

వినపడలేదో, మరొకసారి వినాలనిపించిందో నాకు తెలియదు. మళ్ళీ చెప్పాను.