గడపలో దగ్గు

మా అమ్మకు ఉబ్బసం లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కదిరిలో మా వీధి వీధంతా ఆమెకు ఉబ్బసమనే నమ్మింది. ఒకరు తులసి కషాయం చెప్పారు, ఒకరు మిరియాల పాలు చెప్పారు. ఎదురింటావిడైతే, మేం నీచు ముట్టమని తెలిసి కూడా, చేపమందు మింగించమంది. అమ్మ అందరికీ తలూపేది. ఆమె దగ్గేది మా నాయన కోసం.

మాది ఎరువులు, పురుగుమందుల అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు, మధ్యలో ఒక గడప. గల్లాపెట్టె వెనక తాతల నాటి నుంచీ మగవాళ్ళే కూర్చున్నారు. ఆడవాళ్ళ హద్దు ఆ గడప. బోణీ కాకముందు ఆడమనిషి గడప దాటి అంగట్లో అడుగుపెడితే మా అవ్వ ఇల్లెగిరిపోయేలా అరిచేది. అవ్వ పోయింది గానీ ఆ అరుపు ఇంట్లోనే ఉండిపోయింది. నేను కాలేజీలో పాఠాలు చెప్పి జీతం తెచ్చేదాన్ని. బియ్యం దగ్గర నుంచి కరెంటు బిల్లు దాకా దాంతోనే నడిచేది. అయినా ఎవరడిగినా "మా నాయన అంగడి మీద బతుకుతాండాం" అనే చెప్పాలి. చెప్పేదాన్ని, పళ్ళు కొరుక్కుంటూ చెప్పేదాన్ని.

నాయనకు చక్కెర జబ్బు కళ్ళలోకి దిగింది. పోయిన చూపు తిరిగి రాదని అనంతపురం డాక్టరు చెప్పేశాడు. మనుషులు మసక మసకగా కంటికి ఆనేవాళ్ళు, అక్షరాలు మాత్రం అసలే కనిపించేవి కావు. ఈ సంగతి మా ముగ్గురికి తప్ప నరమానవుడికి తెలియదు.

"అంగడి అమ్మ చేతికిచ్చెయ్యి నాయనా, నువ్వు పక్కన కూచో" అన్నాను ఒకసారి.

"మొగోడు కండ్లు పోయి మూలన కూచుంటే, ఆడది సంపాదిచ్చి పెడితే, ఆ కూడు నాకు గొంతు దిగుతాదా?" అన్నాడు.

ఇన్నాళ్ళూ దిగింది ఎవరి కూడు అని నోటిదాకా వచ్చింది. అమ్మ కళ్ళెర్రజేసింది. మింగేశాను.

అప్పుడు అమ్మ ఒక ఉపాయం పన్నింది. అల్మారాలన్నీ ఖాళీ చేసి నాయన చేతికి తగ్గట్టు సర్దింది. చెనిక్కాయకు, అంటే వేరుశెనగకు, పట్టే పురుగు మందు కుడిపక్క భుజం ఎత్తులో. విత్తనాలకు పట్టించే మందు దాని పైన. గడ్డితో పాటు పైరును కూడా మాడ్చేసే మందు ఎడమపక్క అడుగున, వంగితే తప్ప అందని చోట. నాయన చూడకుండానే చెయ్యి చాచి తీసేవాడు. చెయ్యి తప్పుడు చోటికి పోతే గడపలో నిలబడిన అమ్మ దగ్గేది. చెయ్యి ఆగేది, పక్కకు జరిగేది. కొనేవాళ్ళు మాత్రం "ఈ అన్నకు కండ్లు మూసుకున్నా తెలుస్తాదప్పా" అని మెచ్చుకునేవాళ్ళు. ఆ మాటకు నాయన మొహం వెలిగిపోయేది. నాకు ఒళ్ళు జలదరించేది.

ఆ ఏడు వాన ఊరించి ఊరించి చివరికి పడింది. చెనిక్కాయ మొలిచింది, ఆ వెనకే పురుగూ లేచింది. అంగడి ముందు జనం. సరిగ్గా అప్పుడే గుత్తి దగ్గర మా మేనమామ పోయాడని కబురొచ్చింది. తోడబుట్టినవాడి కర్మకు అమ్మ పోకుండా ఎట్లా ఉంటుంది? నేను సెలవు పెట్టి ఇంట్లో ఉంటానన్నాను.

"వద్దు. నువ్వు గడపలో నిలబడితే రైతులు మొహం తిప్పుకుంటారు. పెండ్లి కావాల్సిన పిల్లవి" అన్నాడు నాయన. "నా అంగడి నాకు తెల్దా?"

అమ్మ తిరిగొచ్చే రోజు పగలే కొత్త సరుకు దిగింది. నేను కాలేజీలో ఉన్నాను. దించిన మనిషి ఖాళీ కనిపించిన చోటల్లా డబ్బాలు పేర్చి వెళ్ళిపోయాడు.

కర్మ ముగించుకుని వచ్చిన అమ్మ సంచి కింద పెట్టకుండానే అల్మారా వైపు చూసి అట్లాగే నిలబడిపోయింది. కుడిపక్క భుజం ఎత్తులో గడ్డిమందు డబ్బాలున్నాయి. వరుసలో ఒకటి లేదు.

"ఈడనుంచి డబ్బా ఎవురికిచ్చినావు?"

"ఎవురో ఒకమ్మ. కొత్త గొంతు. చెనిక్కాయకు పురుగు పట్టిందనె."

"ఏ ఊరు?"

"నేనడగల్యా."

నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఏ ఊరో తెలియదు, ఎవరో తెలియదు. ఎక్కడో ఒక చేనులో, వానకు మొలిచిన పచ్చటి పైరు మీద, ఒక ఆడమనిషి పంపు వీపున వేసుకుని ఆ మందు కొడుతూ ఉంటుంది. పురుగు చస్తుందని సంబరపడుతూ ఉంటుంది. ఆమెను ఆపడానికి మా దగ్గర ఏ దారీ లేదు. అమ్మ ఆ రాత్రికి రాత్రే అల్మారా మళ్ళీ సర్దింది. ఎవరూ అన్నం తినలేదు.

ఆ తర్వాతి రోజుల్లో అంగడి ముందు ఆటో ఆగితే చాలు, ముగ్గురం ఉలిక్కిపడేవాళ్ళం. ఆడగొంతు వినిపిస్తే నాయన చెయ్యి గల్లాపెట్టె అంచును పట్టుకునేది. ఏమో, ఆమె ఇంకా కొట్టలేదేమో, ఎవరైనా చదువుకున్నవాళ్ళు డబ్బా చూసి ఆపేశారేమో అని నాకు నేనే చెప్పుకునేదాన్ని.

ఒకరోజు పొద్దున్నే ఆమె వచ్చింది. నా వయసుదే. కొంగులో తెచ్చిన చెనిక్కాయ మొక్కలు బల్ల మీద గుమ్మరించింది. ఎండిపోయి, ముట్టుకుంటే పొడి అయ్యేలా ఉన్నాయి.

"ఏమన్నా, ఏం మందిస్తివి నాకు?" అంది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "మా ఆయన బెంగుళూర్లో వాచ్‌మెన్ పనికి పాయె. సేద్యం నేనే చేస్తాండా. ఆడది చేస్తే అయ్యేదా సచ్చేదా అని ఊరంతా నగినారు. నా నోట్లో మన్ను కొడితివి కదన్నా."

జనం పోగయ్యారు. నాయన ఆ మొక్కల వైపు కాదు, వాటికి జానెడు పక్కకు చూస్తున్నాడు.

అమ్మ గడప దాటింది.

"తప్పు ఆయనది కాదమ్మా. అల్మారా సర్దింది నేను. తెలీక ఆడ పెట్టినా. ఆయన ఎప్పుడూ తీసే చోటునుంచే తీసిచ్చినాడు."

నాయన అవునన్లేదు, కాదన్లేదు. తల వంచుకున్నాడు. పక్కనున్న పెద్దమనిషి నాలుక చప్పరించాడు. "ఆడోళ్ళ చేతికిస్తే ఇట్లే ఉంటాదప్పా. ఇంగ ఆయమ్మను అంగట్లోకి రానీయద్దు." నలుగురూ ఔనన్నారు. అమ్మ వెనక్కి నడిచి గడప లోపల నిలబడింది. ఆమె మొహంలో అవమానం లేదు. గండం గడిచిందన్న నెమ్మది కనిపించింది, అదే నాకు అరికాలి మంట నెత్తికెక్కించింది.

నాయన గొంతు సవరించుకున్నాడు. "ఇదో తల్లీ, నేలలో పదును ఇంకా ఆరల్యా. ఉలవలు ఇస్తా, ఊరికే తీస్కపో. మల్లా ఇత్తుకో. విత్తనానికి పట్టించే మందు కూడా నేనే ఇస్తా."

"నీ చేత్తో ఇయ్యన్నా. ఆయమ్మ చేత మాత్రం ఇప్పియ్యద్దు" అంది ఆమె.

నాయన లేచాడు. ఇంతమంది ముందు, ఇంత జరిగాక, అల్మారా వైపు తిరిగాడు. పైకి పోవాల్సిన చెయ్యి, ఎక్కడున్నాడో లెక్క తప్పి, ఎడమకు తిరిగింది, కిందికి వంగింది. అమ్మ దగ్గింది. చెయ్యి ఆగింది. మళ్ళీ దగ్గింది. నాయనకు వినబడింది, ఒట్టు, వినబడింది. మెడ బిగుసుకోవడం నేను చూశాను. ఆడదాని మాట విని చెయ్యి వెనక్కి తీసుకోవడం ఆ క్షణాన ఆయన వల్ల కాలేదు. డబ్బా తీసి ఆమె ముందు పెట్టాడు.

"నాయనా, అది గడ్డిమందు" అన్నాను. "చేతిలో ఉండేది నీకు కనపడల్యా. నీకు ఏమీ కనపడదు."

ఆ పిల్ల డబ్బా నుంచి చెయ్యి లాక్కుంది. నాయన చెప్పుల కోసం కాలితో తడిమాడు, దొరకలేదు. వట్టి కాళ్ళతోనే గోడ పట్టుకుంటూ లోపలికి పోయాడు. ఆయన గోడ పట్టుకోవడం వీధి అంతా చూసింది.

అమ్మ నా రెక్క పట్టుకుంది. గోళ్ళు దిగాయి. "మీ నాయన్ని సంపేసినావు కదే" అంది.

ఇప్పుడడిగినా మళ్ళీ అదే చెప్తాను. ఒక పైరు పోయింది చాలదా?

ఉలవలు, మందు అమ్మే తీసిచ్చింది. ఆ పిల్ల డబ్బా మీది పేరు నా చేత చదివించుకుని మరీ పోయింది. మరుసటి పొద్దున గల్లాపెట్టె వెనక అమ్మ కూర్చుంది. బేరం తగ్గలేదు. అందరూ అమ్మ దగ్గరే కొన్నారు, అక్కా అని కూడా పిలిచారు. నాయన లోపలి గదిలో మంచం మీద గోడ వైపు తిరిగి కూర్చుంటున్నాడు. పెట్టిన కంచం పెట్టినట్టే తిరిగొస్తోంది. ఎవరితోనూ మాట్లాడడు. పగలు మేం అటూ ఇటూ పోయినప్పుడు లేచి గడప దాకా వచ్చి, తడుముకుంటూ అంగట్లోకి దిగి, ఎడమపక్క అడుగున డబ్బాలు వెతుకుతున్నాడని చప్పుడుని బట్టి తెలిసింది.

నిన్న అమ్మ వడ్రంగి మనిషిని పిలిపించి అల్మారాలన్నింటికీ తలుపులు పెట్టించింది. దొంగలు మందు డబ్బాలెత్తుకుపోరు కదా అని అతను నవ్వాడు. అమ్మ నవ్వలేదు. తాళంచెవులు మొలలో దోపుకుంది, ఒకటి నాకిచ్చి, "కాలేజీకి పోయినా నీ దగ్గరే పెట్టుకో, మీ నాయన చేతికి దొరకనీకు" అంది.