చిన్నమ్మలు కాలు జారలేదు

పైడిరాజు సైకిల్ బెల్లు కొడితే రాంబిల్లి దగ్గర సముద్రంలో చేపలు కూడా పక్కకి తప్పుకునేవని వాళ్ల ఊళ్లో చెప్పుకుంటారు. చేపల సంగతి ఎలా ఉన్నా, పొద్దున్నే ఆ బెల్లు మోగిందంటే వీధిలో ఆడవాళ్లు చీపుళ్లు ఆపి మరీ చూసేవారు. అనకాపల్లి బెల్లం మార్కెట్లో కళాసీ అతను. దిమ్మలు మోసి మోసి మెడ ఎద్దు మూపురంలా అయిపోయింది. అలాంటి మనిషి, వెనక క్యారేజీ మీద పెళ్లాన్ని కూర్చోబెట్టుకుని, గుడ్లబుట్ట మోస్తున్నవాడిలా మెల్లగా తొక్కేవాడు.

పెళ్లాం పేరు చిన్నమ్మలు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. నడవాలంటే మోకాలి మీద చెయ్యి ఆన్చి, ఒరిగి ఒరిగి నడవాలి. చేతులు మాత్రం బంగారం. టౌన్లో ఒక టైలర్ షాపులో జాకెట్లు కుట్టేది. ఆమె కుట్టిన జాకెట్టు తొడుక్కుంటే అరవై ఏళ్ల ముసలమ్మ కూడా అద్దం వదిలేది కాదట. ఊరి నుంచి షాపుకి రెండు మైళ్లు. ఆటోలు లోపలికి రావు. అందుకని పైడిరాజు క్యారేజీకి మెత్త కట్టించి, ఆ కాలు ఆన్చుకోడానికి ఇనప పలక వెల్డింగ్ చేయించాడు.

"ఒరే, అమ్మోరి రథం వత్తంది, తప్పుకోండ్రా!" అని ఊళ్లో వాళ్లు ఎగతాళి చేసేవారు.

"నీకూ ఒక అమ్మోరు దొరికితే తెలుత్తాది బావా" అనేసి పోయేవాడు.

ఎంత వేళాకోళమైనా పడేవాడు గానీ, ఆమె కాలు మాట ఎత్తితే మాత్రం ఊరుకునేవాడు కాదు. ఒక పెళ్లి భోజనాల్లో ఎవడో "ఆ కుంటిదానికి ఇంకో గరిటె వెయ్యండి" అన్నాడని సాంబారు బకెట్టు ఎత్తి వాడి నెత్తిన కుమ్మరించాడు. చెప్పగా చెప్పగా ఆ బకెట్టు ఇప్పుడు గంగాళం అయింది. "ఆ కాలికేటి? నా ఇంటికి నడిసొచ్చిన కాలది!" అని అరిచాడట. చిన్నమ్మలు సిగ్గుతో చచ్చిపోయింది. ఇంటికొచ్చాక మాత్రం కోడిగుడ్డు అట్టు వేసి పెట్టింది.

రెండు వేల నాలుగు వానాకాలంలో ఒకరోజు ఇద్దరూ టౌన్‌కి పోతున్నారు. రోడ్డు పక్కన మట్టంతా బురద. వెనక నుంచి తెల్లకారు ఒకటి హారన్ మోత మొదలెట్టింది. ఆ మోతకి చెరకుతోటల్లో నక్కలు చెవులు మూసుకునే ఉంటాయి. బురదలోకి దిగితే చక్రం జారి ఆమె పడుతుందని పైడిరాజు దిగలేదు. ముందు కల్వర్టు దగ్గర తప్పుకుంటాను, కాస్త ఆగమని చెయ్యి ఊపాడు. ఆ ఊపడమే నేరమైపోయింది. కారు దాటుకొచ్చి అడ్డంగా ఆగింది. పైడిరాజు దిగి సైకిల్ పట్టుకుని నిలబడ్డాడు.

"రోడ్డు నీ బాబుదారా? నాకే చెయ్యి చూపిస్తావా?" అంటూనే దిగినవాడు చెంప పగలగొట్టాడు. ఆ వెంటనే సైకిల్ని ఒక్క తన్ను తన్నాడు. చిన్నమ్మలు ఇంకా క్యారేజీ మీదే ఉంది. సైకిల్ హ్యాండిల్‌తో కారుని గీసుకుంటూ పోయి, మనిషితో సహా రోడ్డు పక్క గోతిలో పడింది. ముందు చక్రం జంతికలా మెలి తిరిగింది. ఆమె మోచెయ్యి చీరుకుని ఎముక కనబడింది.

పైడిరాజు తలుచుకుంటే ఆ మనిషిని దిమ్మలా ఎత్తి పొలంలోకి విసిరేసేవాడే. కానీ పెళ్లాం గోతిలో ఉంది. గోతిలోకే దూకాడు. కారు పోయింది.

నెంబరు గుర్తుంది కాబట్టి స్టేషన్‌కి వెళ్లాడు. హెడ్ కానిస్టేబుల్ త్రినాధరావు నెంబరు వినగానే ఎవరికో ఫోన్ చేసి, లేచి నిలబడి మాట్లాడి, మళ్లీ కూర్చున్నాడు. కూర్చున్నాక గొంతు తేనెలా మారిపోయింది.

"టీ తాగు పైడిరాజూ. కేసు కట్టమంటే కడతాను, నాకేటి? కానీ సైకిలు కోర్టు సొత్తయిపోద్ది. తీర్పు దాకా ఇక్కడే. అటు సూడు."

స్టేషన్ వెనక పట్టుకొచ్చిన బళ్లన్నీ తుప్పుపట్టి తీగలు అల్లుకుపోయి ఉన్నాయి. ఒక జీపు కిటికీలోంచి బొప్పాయి చెట్టు మొలిచి కాయలు కూడా కాసింది.

"కట్టండి బాబూ. నా పెళ్లాన్ని పడదోసినాడు" అన్నాడు పైడిరాజు. సైకిల్ కూడా స్టేషన్ వెనక ఆ బళ్లలో చేరింది.

పైడిరాజు పక్కింటి అప్పలరాజు సైకిల్ అడిగి తెచ్చాడు. దానికి పలక లేదు. పట్టుమని పది గజాలు పోకుండానే ఆ కాలు చువ్వల్లోకి పోయి మడమ చీలింది. కొత్తది కొనే తాహతు లేదు. షాపావిడ ఇంక ఆగలేనని, వేరే మనిషిని పెట్టుకుంటానని కబురంపింది. చిన్నమ్మలు గుమ్మంలో కూర్చుని రోడ్డు వైపు చూస్తూ ఉండేది. పైడిరాజు పనయ్యాక స్టేషన్‌కి పోయి, బతిమాలి, సైకిల్ తుడిచి వచ్చేవాడు.

ఒకనాడు హెడ్డు పిలిచాడు. "కారు గీసుకుపోయిందని ఆయనా కేసు పెడతానంటన్నాడు. ఎందుకొచ్చిన గొడవ? మీ ఆవిడ చేత ఒక్క మాట సెప్పించు. తన కాలు జారి సైకిలు పడిపోయిందని. ఈ పూటే తోలుకుపో."

"ఆ కాలు మాటెందుకు బాబూ? నేనే సూసుకోక పడిపోనానని సెప్తాను."

"ఆయన కొట్టేడని నువ్వు సెప్పేసేవు గదా. ఇప్పుడు మాట మారిత్తే ఎవడు నమ్ముతాడు? ఆ కాలు సూత్తే ఎవడైనా నమ్ముతాడు."

ఇంటికొచ్చి, చూరు పట్టుకుని నిలబడి, హెడ్డు అన్నమాట చెప్పాడు. చిన్నమ్మలు అడిగింది: "నా కాలు జారిందేటి మావా?"

"జారనేదు."

"మరి?"

"జారిందని సెప్పేయ్. సైకిలొత్తాది. నీ పని నిలబడతాది. ఒక్క మాటే గదా."

చిన్నమ్మలు అతని మొహంలోకి చూసింది. ఏడవలేదు, తిట్టలేదు. "నువ్వు సెప్పమంటే సెప్తాను" అంది.

స్టేషన్లో కారాయన కుర్చీలో కాలు మీద కాలు వేసుకున్నాడు. చిన్నమ్మలు బల్ల పట్టుకుని నిలబడింది.

"నా కాలు జారింది" అంది.

"గట్టిగా సెప్పమ్మా. ఏ కాలు?" అన్నాడు త్రినాధరావు.

"ఎడమ కాలు. అవిటిది. దాని వల్లే పడ్డాం. ఎవరూ కొట్టనేదు."

"ఇదేదో ముందే చెప్తే పోయేది" అని కారాయన నవ్వాడు. ఆ నవ్వుకి పైడిరాజు బుర్ర ఎత్తలేదు. అసలు ఆ గదిలో అతను ఉన్నాడో లేడో కూడా తెలియనంతగా గోడకి అంటుకుపోయాడు.

సైకిల్ వచ్చింది. చక్రం మార్పించి, గొలుసుకి నూనె వేసి, మర్నాడు పొద్దున్నే గుమ్మం ముందు ఆపి "రా" అన్నాడు. చిన్నమ్మలు చెప్పులు తొడుక్కుని, మోకాలి మీద చెయ్యి ఆన్చి, సైకిల్ పక్క నుంచి దాటి రోడ్డెక్కింది. పైడిరాజు సైకిల్ నడిపించుకుంటూ వెనక పడ్డాడు. ఎక్కమని వీధి చివరిదాకా బతిమాలాడు.

వీధి చివరింటి తలుపులమ్మ ఉండబట్టలేక అరిచింది: "అదేటే పిల్లా! సైకిలుండగా ఆ నడకేటి?"

చిన్నమ్మలు ఆగి ఊపిరి తీసుకుంది.

"నా కాలు జారతాది పిన్నీ. పోలీసోళ్లకి నేనే సెప్పేను గదా. మళ్లా మా మావ నా వల్ల పడిపోతాడు."

  పైడిరాజు ఖాళీ సైకిల్ పట్టుకుని, ఆమె ఒరిగినప్పుడల్లా చెయ్యి చాపబోయి వెనక్కి తీసుకుంటూ, షాపు దాకా నడిచాడు.