ముందు ఇంకెవరైనా కట్టనీ

గుండు మేస్త్రికి నెత్తి నిండా జుట్టే. గోడ నిలువు చూసే గుండు ఎప్పుడూ జేబులో ఉంటుంది కాబట్టి ఆ పేరొచ్చింది. చెయ్యి మంచిది, నోరే మంచిది కాదు. వంకర గోడ కనబడితే, అది ఎవరిదైనా సరే, ఆగి నాలుగు తిట్టందే కదలడు.

అతని పిచ్చి ఎలుకబోను గోడ. ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, లోపలి వరుసకూ బయటి వరుసకూ మధ్య ఖాళీ వదిలి కట్టడం. ఇటుక తక్కువ పడుతుంది, ఎండ వేడి లోపలికి అంత తొందరగా దిగదు. ఎక్కడో పనికి వెళ్లినప్పుడు చూసి వచ్చి, మొదట తన ఇంటికే కట్టుకున్నాడు. పై వరుస మూయడం మరిచాడు. ఎలుకలు నిజంగానే అందులో కాపురం పెట్టాయి.

"పేరుకు తగ్గ గోడ కట్టావయ్యా! అద్దె కూడా వసూలు చెయ్యి," అంది భార్య.

విప్పి, పైనా, కిటికీల పక్కనా గట్టి వరుసలు వేసి మళ్లీ కట్టాడు. తర్వాత ఆ వీధిలో చాలా ఇళ్లు అలాగే లేచాయి.

భార్య మునిసిపాలిటీ కాన్పుల ఆసుపత్రిలో ఆయా. అక్కడ పడమటి గోడ మధ్యాహ్నానికి పెనంలా కాలుతుంది. బాలింతలు పిల్లల్ని తీసుకుని వరండాలో పడుకుంటారు. కొత్త వార్డు కడతారని, గోడల పని తనదేనని తెలియగానే మేస్త్రికి ఒకటే ఆశ: ఈసారైనా ఆ తల్లులకు చల్లటి గోడ కట్టాలి.

మునిసిపాలిటీలో కొత్తగా చేరిన కుర్ర ఇంజనీరమ్మకూ అదే పట్టుదల. ఎలుకబోను గోడ సంగతి ఆమెకు మేస్త్రి కంటే ఎక్కువే తెలుసు. ఎంత బరువు మోస్తుందో లెక్కగట్టి, ఇనుము ఎక్కడ వేయాలో గీసి, మేస్త్రిని వెంటబెట్టుకుని పెద్ద ఇంజనీరు గదికి వెళ్లింది.

"సర్కారు బిల్డింగు ఏదైనా ఇలా కట్టారా?" అన్నాడాయన.

"లేదు సార్. ఇదే మొదటిది."

"అయితే ముందు ఇంకెవరైనా కట్టనీ. చూద్దాం."

"మా వీధంతా కట్టాం కదండీ," అన్నాడు మేస్త్రి.

"అవి సొంత ఇళ్లయ్యా. లెక్కలోకి రావు."

మేస్త్రికి ఒళ్లు మండింది. మేడలు కట్టించే షావుకార్లను అడిగితే సర్కారు కట్టించాక చూద్దామంటారు. వీళ్లేమో ఇలా. ఊళ్లో అందరికంటే ఎక్కువ గోడలు లేపేది మునిసిపాలిటీయే. అది ఒక్కసారి తలూపితే ఇటుకబట్టీలవాళ్లూ మేస్త్రీలూ వాళ్లంతట వాళ్లే దారికొస్తారు. నువ్వు దిగు అంటే నువ్వు దిగు అని అందరూ గట్టు మీదే నిలబడితే ఈత ఎవడికొస్తుంది?

"పోనీ, పడమటి గది ఒక్కటీ కడదాం సార్," అంది ఇంజనీరమ్మ.

ఆయన నిజంగానే కాసేపు ఆలోచించాడు. "ఒక గది చల్లగా ఉంటే మిగతావాళ్లు మాకూ కావాలని గొడవ చేస్తారమ్మా. ఎందుకొచ్చిన తలనొప్పి? అన్నీ ఒకేలా ఉండనీ."

"అంటే అందర్నీ సమానంగా ఉడకబెడదామంటారు!" అన్నాడు మేస్త్రి.

ఇంజనీరమ్మకు దగ్గొచ్చింది.

శంకుస్థాపన రోజు మొదటి ఇటుక పెట్టడానికి పెద్ద ఇంజనీరు తాపీ కోసం చెయ్యి చాచాడు. మేస్త్రి ఇవ్వలేదు. "గోడ మీ ఇష్టప్రకారమే కదండీ. తాపీ కూడా మీదే తెచ్చుకోండి," అని సంచి భుజాన వేసుకుని వచ్చేశాడు. కాంట్రాక్టరు సాయంత్రానికల్లా వేరే మేస్త్రిని పెట్టుకున్నాడు. వార్డు పాత పద్ధతిలోనే లేచింది. ఎండాకాలం రాగానే బాలింతలు మళ్లీ వరండాలోకి చేరారు.

అప్పుడొచ్చింది ఇంజనీరమ్మ మేస్త్రి ఇంటికి, మొహం చూపించలేక చూపిస్తూ. "మీ గోడకు అనుమతి వచ్చింది మేస్త్రిగారూ. చెత్తబండ్ల షెడ్డుకి. అక్కడైతే అడిగేవాళ్లెవరూ ఉండరట."

మేస్త్రి భార్య చేతిలో చెంబు ఠంగున కింద పెట్టింది. "పచ్చి బాలింతలకు లేదు కానీ చెత్తబండ్లకు కావాల్సొచ్చిందా చలవ? వెళ్లావంటే నా మీద ఒట్టే!"

మేస్త్రి జేబులోంచి గుండు తీసి దాని దారం సరిచేసుకున్నాడు. "ఎంత చెత్తదైనా సర్కారు బిల్డింగే కదే," అన్నాడు. "ఎక్కడ కట్టారని రేపు ఆ పెద్ద ఇంజనీరు అడిగితే, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపిస్తా."

కట్టినంతసేపూ తిడుతూనే ఉన్నాడు. వరుస మాత్రం ఎక్కడా తప్పనివ్వలేదు.