చేతులు ఆగిన చోట

నా చిన్నప్పుడు, భద్రాచలం అడవి అంచున ఉన్న మా ఊళ్లో బీడీలు చుట్టే తునికాకు కోసే రోజుల్లో, మా తమ్ముడు జ్వరంతో పోయాడు. నాకప్పుడు పన్నెండేళ్లు. ఏడుపు రాలేదు. వారం గడిచినా రాలేదు. "ఈ పిల్లది గుండె కాదు, బండ" అని చుట్టుపక్కల వాళ్లు అనుకోవడం నా చెవిన పడింది. వాడంటే నాకు ప్రాణమని ఎలాగైనా అందరికీ తెలియాలనిపించి, నోటుబుక్కులో వాడి మీద కవిత రాశాను.

తమ్ముడు నక్షత్రమయ్యాడట, రాలిన మొగ్గట! ఎక్కడెక్కడి మాటలో ఏరుకొచ్చి పేర్చాను. మధ్యాహ్నం పందిరి కింద అమ్మ, మా మేనత్త, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు పొద్దున కోసుకొచ్చిన ఆకును కట్టలు కడుతుంటే చదివి వినిపించాను. మంచిగుందన్నారు. అమ్మ తలెత్తలేదు. తనూ అప్పటిదాకా ఏడవలేదు. ఆకులు పేర్చడం, నారతో బిగించడం, పక్కన పడేయడం, అంతే.

చదువు రాని మా మేనత్త నన్ను పక్కకు పిలిచింది.

"మా మొహాలు చూడకు బిడ్డా, మొహమాటానికి మంచిగుందంటం. మా చేతులు చూడు. ఏడ ఆగితే ఆ మాట కింద గీత గియ్యి. మిగిలింది కొట్టెయ్."

మర్నాడు తిరగరాసి చదివాను. ఒక్క చెయ్యీ ఆగలేదు. ఆ మర్నాడూ అంతే. ఒళ్లు మండి పేజీలు చింపేశాను.

"గా పూలు, చుక్కలు ఎవలన్న రాస్తరు. నీకూ ఆనికీ నడుమ జరిగింది రాయి" అంది అత్త.

నాలుగోసారి, ఎవరికీ చెప్పకూడదనుకున్నది రాశాను. జ్వరంలో తమ్ముడు నా చేతిలో ఉన్న మామిడికాయ ముక్క అడిగాడు. నేను ఇవ్వలేదు. వాడు చూస్తుండగానే ఉప్పూకారం అద్దుకొని తినేశాను.

చదివి తలెత్తాను. అమ్మ చేతులు ఆగిపోయి ఉన్నాయి.

"పులుపు పెట్టొద్దని చెప్పింది నేను గదనే" అంది. చేతిలోని ఆకు కింద పెట్టి మళ్లీ అంది: "ఎట్లాగూ పోయేటోడు. ఇంత ముక్క పెట్టనియ్యకపోతిని."

ఇద్దరికీ ఏడుపు రాలేదు. "ఇంకోపారి చదువు" అంది అమ్మ. చదివాను.

తరువాత కథలు రాశాను, కవితలు రాశాను. చెప్పుకోవడానికి సిగ్గయ్యే వాక్యం ఒకటి వచ్చేదాకా ఇప్పటికీ చింపుతూనే ఉంటాను. ఏడవడం మాత్రం నాకు చేతకాలేదు. అమ్మ పోయిన రోజు అందరూ శోకాలు పెడుతుంటే, నేను ఓ మూల కూర్చుని రాసుకున్నాను. ఎవరేమనుకున్నారో తెలియదు. రాయడం అయితే అయింది గానీ, చదివి వినిపించడానికి అమ్మ లేదు.