మాస్టారు అడిగిన మంచినీళ్ళు

మా ఊరి సంగీతం మాస్టారి వర్ధంతికని అభిమానులు ఆయన పాత రికార్డింగొకటి ఫోన్లలో పంపించుకుంటున్నారు. పాట మధ్యలో ఆయన మంచినీళ్ళడిగిన ముక్క కోసేశారు. సరిగ్గా ఆ చోటికొచ్చేసరికి నేను ఫోన్ పక్కన పెట్టేశాను.

మాస్టారు పోయినప్పుడు నాకు ఆరేళ్ళు. పదోరోజున కాకినాడ నుంచి కూడా అభిమానులొచ్చి మాస్టారింటి హాల్లో చాపల మీద కూర్చున్నారు. అగరొత్తుల పొగలో, ఆయన ఫొటో ముందు టేప్‌రికార్డర్ పాడుతోంది. అందరూ కళ్ళు తుడుచుకుంటూనే తొడల మీద తాళం వేస్తున్నారు. ఇంతలో దగ్గు వినిపించింది.

"ఏమేవ్, కాసిని మంచినీళ్ళు ఇలా ఇయ్యి" అన్నారు మాస్టారు.

ఆయన వచ్చేశారనుకున్నాను. అప్పటిదాకా ఎవరి కంటా పడకుండా లోపలి గదిలో ఉన్న వాళ్ళావిడ, మామ్మగారు, ఇత్తడి గ్లాసుతో గుమ్మంలోకి వచ్చేశారు. అందరూ తలలు దించుకున్నారు. టేపులో గుటకల చప్పుడయ్యాక పాట మళ్ళీ మొదలైంది.

నేను మునివేళ్ళ మీద లేచి గ్లాసులోకి చూశాను.

"తాగేశారు కదండీ, ఇంకా నిండుగానే ఉందేంటి మామ్మగారూ?"

ఆవిడ పాట అయ్యేదాకా గ్లాసుతో అలాగే నిలబడ్డారు.

ఆ ముక్క కోసేసినవాళ్ళు మంచిపనే చేశారు. నా ప్రశ్నని కూడా అలా కోసేసే వీలుంటే బాగుండేది.