రెండు రకాల వణుకు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు నాకు హెడ్ నర్సుగా ప్రమోషన్ ఇచ్చి, హుజూరాబాద్ ప్రాంతంలోని ఒక సర్కారు దవాఖానకు బదిలీ చేశారు. బీపీ, షుగర్, పక్షవాతం వంటి దీర్ఘకాలిక జబ్బుల విభాగం నాది. రోగి డాక్టరు గదిలోకి వెళ్లే ముందు బీపీ చూసి, బాధ ఏమిటో ఓపీ చీటీ మీద ఒక్క ముక్కలో రాయాలి. డాక్టరుకు ఒక్కొక్కరి మీద రెండు మూడు నిమిషాలకు మించి సమయం దొరకదు కాబట్టి ఆ ముక్కకు విలువ ఎక్కువ.

సత్తయ్య మరమగ్గం నడిపే మనిషి. పార్కిన్సన్స్ వచ్చి నాలుగేళ్లయింది. మెదడులో కదలికలను నడిపే ఒక రసాయనం తగ్గిపోయే జబ్బు అది. ఆ లోటు పూడ్చడానికి రోజుకు మూడుసార్లు మాత్ర వేసుకునేవాడు. భార్య కళావతి బీడీలు చేస్తుంది. ఒక నెల ఆమె "వణుకు జాస్తయింది సిస్టర్" అంటే, నేను "వణుకు పెరిగింది" అని రాశాను. డాక్టరు మోతాదు పెంచారు. మరుసటి నెల కూడా ఆమె అదే మాట చెప్పింది.

ఆ రోజు వరుస పొడుగ్గా ఉంది. పొద్దున సత్తయ్య కుడి చేతి వేళ్లు తొడ మీద పూస నలుపుతున్నట్టు ఆడుతున్నాయి. కళావతి మాత్ర వేయించింది. గంట తర్వాత చూస్తే చేయి నిమ్మళించింది గాని మెడ, భుజాలు, నడుము మెలికలు తిరుగుతున్నాయి. ఇంటి దగ్గర ఏది చూసి వణుకు అంటున్నావని ఆమెను అడిగాను.

"రెండూ వణుకే గద సిస్టర్" అంది.

మొదటిది మందు చాలక వచ్చేది, రెండోది మందు ఎక్కువై వచ్చేది. రెంటికీ నేను ఒకే మాట రాశాను. డాక్టరుకు సంగతి చెప్పి, మళ్లీ పెంచకుండా ఆపించి, కరీంనగర్‌లో నరాల డాక్టరుకు చీటీ రాయించాను. అక్కడ రెండు వారాల తర్వాత రమ్మన్నారు.

కళావతికి ఒక నోటుబుక్కు ఇచ్చి గంటకో గడి గీశాను. వణుకుకు చుక్క, మెలికలకు వంకర గీత, ఒళ్లు బిగుసుకుపోతే అడ్డగీత, బాగుంటే సున్నా. మాత్ర ఎప్పుడు, తిండి ఎప్పుడు అన్నది పక్కనే రాయాలి. సెల్‌ఫోన్‌లో గంట గంటకూ అలారం పెట్టుకుంది. బీడీల చాట పక్కన పెట్టి మరీ రాసేదట. నాలుగో రోజు సత్తయ్యకు కోపం వచ్చింది.

"నన్ను దొంగను జూసినట్టు జూస్తున్నవేందే?" అన్నాడట.

"కోపానికొచ్చినవని గది గూడ రాస్త. నువ్వు జర కదలకుండ కూసో" అందట ఆమె.

సెలవు పెట్టి నేనూ వాళ్లతో కరీంనగర్ వెళ్లాను. డాక్టరు గారు నోటుబుక్కు పేజీలు ఒక్కొక్కటే తిప్పి చూశారు. తిన్న వెంటనే వేసుకున్న మాత్ర సరిగా పనిచేయడం లేదని, పెంచిన మాత్ర ఎక్కిన గంటకు మెలికలు వస్తున్నాయని గడుల్లోనే కనిపించింది. చీటీ మీద వణుకు అని రాసిందెవరని అడిగారు. నేనే అని చెప్పాను. ఆయన ఒక్కో మోతాదు తగ్గించి, రోజుకు ఐదుసార్లు చేసి, తిండికి అరగంట ముందు వేసుకోమన్నారు.

నెల తిరిగేసరికి మెలికలు చాలావరకు తగ్గాయి. సత్తయ్య తన చేత్తో అన్నం కలుపుకుంటున్నాడు. మగ్గం మాత్రం మళ్లీ పట్టలేదు, తిరిగే యంత్రం దగ్గర వద్దని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. ఒళ్లు బాగుండే గంటలేవో నోటుబుక్కు చూసి, ఆ గంటల్లో కూర్చుని మగ్గాలకు నూలు కండెలు చుట్టేవాడు.

ఆ తర్వాత నేను ఏ చీటీ మీదా బాధను ఒక్క ముక్కలో రాయలేదు. ఏ భాగంలో, ఏ వేళ, మాత్ర వేసుకున్న ఎంతసేపటికి అని అడిగి రాశాను. నా కింద పనిచేసిన నర్సులతోనూ అలాగే రాయించాను. అందుకు ఒక్కో రోగికి ఇంకో రెండు నిమిషాలు పట్టేది. వరుసలో ఉన్నవాళ్లు విసుక్కున్నా, రిటైరయ్యేదాకా ఆ రెండు నిమిషాలు తగ్గించలేదు.