దూది పొగ

నా కూతురు బొమ్మ రైలు పట్టాల పక్కన అట్టముక్కలతో ఫ్యాక్టరీ కడుతోంది. జిగురు వాసనకు ఎడపల్లిలో మా ఇల్లు గుర్తొచ్చింది.

చిన్నప్పుడు నేను కూడా మా అన్న బొమ్మ రైలు పక్కన, మా బాపు పనిచేసే చక్కెర ఫ్యాక్టరీలాంటిది కట్టాను. చీపురుపుల్లలే చెరకు. చుట్టిన క్యాలెండర్ కాగితం పొగగొట్టం. దాని మీద దూది అంటించాను.

“ఫ్యాక్టరీ మూతపడ్డది. పొగ ఏడికెల్లి వస్తది? తీసెయ్,” అన్నాడు అన్న.

“తియ్య పో! బాపు దినాం డ్యూటీకి పోతలేడా?”

బాపు రోజూ టిఫిన్ డబ్బా పట్టుకుని పోయేవాడు మరి. మా మాటలు విని ఆయన నవ్వలేదు.

“గా పొగ గట్లనే ఉండనియ్‌రా,” అన్నాడు అన్నతో.

ఆయన పోయేది ఫ్యాక్టరీ గేటు ముందున్న ధర్నా టెంటుకని పెద్దయ్యాక తెలిసింది. అయినా నేనన్నది తప్పని ఒప్పుకోను. అదీ డ్యూటీయే.

“అమ్మా, పొగ కూడా పెట్టాలా?” అంటోంది కూతురు.

దూది తెచ్చి దాని చేతిలో పెట్టాను.